పైకప్పు ఎక్కి చూసిందెవరు?

ఫిబ్రవరి 4

ఒరేయ్ మేనల్లుడా,

ముందు దీవించి, తర్వాత తిడదామని ఈ ఉత్తరం మొదలుపెట్టాను. దీవించడం అయిపోయింది.

మా నాటకశాల కాపలాదారు ఇంట్లో కొత్త టీవీ కొనుక్కుని, పాతది తెచ్చి నా వేషాల గదిలో పెట్టాడు. రాత్రి పదకొండింటికి వచ్చే నీ కార్యక్రమాన్ని మర్నాడు మధ్యాహ్నం మళ్లీ వేస్తారని కూడా అతనే చెప్పాడు. ఆరేళ్లుగా "మీవాడు భలే చేస్తాడండీ" అని ఎదురైనవాళ్లంతా అంటుంటే, ఏం చేస్తావో చూద్దామని నిన్న కుట్టు మిషన్ ఆపి కూర్చున్నాను.

నాకు చెవులు పోయి ఇరవై ఆరేళ్లు. అయినా నీ పెదవులు కదిలితే నాకు అచ్చుకొట్టినట్టు కనపడతాయి. ఎనిమిదేళ్ల వయసులో బడి నుంచి వచ్చి నా ఎదురుగా బాసింపట్టు వేసుకుని, ఒక్కో మాటా నోరారా విప్పి చెప్పి, నాకు పెదవులు చదవడం నేర్పింది నువ్వే కదరా! ఆ నోటితో నిన్న ఏమన్నావు? నెత్తిన విగ్గు, ముక్కు మీద పళ్లెమంత కళ్లజోడు పెట్టుకుని, సాంస్కృతిక మంత్రి ముందు నడుము విరిగినట్టు వంగిపోయి, "అవునండీ అవును! తమరు పుట్టకముందు ఈ దేశంలో పాటే లేదండీ. తమరి దగ్గు కూడా రాగంలోనే ఉందండీ" అన్నావు.

మీ నాన్న పై అధికారి గదిలోకి వచ్చినా కుర్చీలోంచి లేచేవాడు కాదు. అలాంటివాడి కొడుకువై ఉండి ఇదేం వంకర నడుంరా?

సరే, ఎలాగూ ఆ కాళ్ల మీద పడ్డావు కాబట్టి ఆ కాళ్లతోనే ఒక పనుంది. ఆ మంత్రిగారి శాఖ నుంచి మాకు కాయితం వచ్చింది. మా పైకప్పు కారుతోందట, ఏ క్షణమైనా కూలుతుందట, నాటకశాల మూసే విషయం పరిశీలనలో ఉందట. ముప్పై ఒక్క ఏళ్లుగా నేను కుట్టిన వేషాలన్నీ ఇక్కడే. వాటి వెనక గదిలో నా మంచం కూడా ఇక్కడే. ఇది మూస్తే ఆ మంచం ఎక్కడ వేసుకోను? ఆయన చెవిన ఒక్క మాట వెయ్యి.

నీ మేనత్త


ఫిబ్రవరి 11

అత్తయ్యా,

నీ ఉత్తరం చదివి పడీపడీ నవ్వాను. నీ కోడలికి వినిపిస్తే తనూ నవ్వింది. తర్వాత ఒక్కడినే కూర్చుని మళ్లీ చదివితే మాత్రం నవ్వు రాలేదు.

అది పొగడ్త కాదు అత్తయ్యా, వెక్కిరింత. నేను వేసేది ఒక వేషం. ఎవరేమన్నా తలూపే మనిషి, పేరు "అవునండీ". పెద్దవాళ్లు వచ్చి కూర్చుంటారు, నేను వాళ్లని ఆకాశానికి ఎత్తుతాను, ఎత్తిన కొద్దీ వాళ్ల డొల్లతనం బయటపడుతుంది. ఎదురుగా రెండు వందలమంది ప్రేక్షకులు పొట్ట పట్టుకుని నవ్వుతుంటారు. ఆ నవ్వు నీకు వినపడదు, వాళ్లని కెమెరా చూపించదు. అందుకే నీకది నిజం పొగడ్తలా కనపడింది.

పని ఎలా ఉంటుందో ఎప్పుడూ చెప్పలేదు కదూ. కిటికీ లేని గది. అయిదుగురం పొద్దున్నే కూర్చుని ప్రశ్నలు రాస్తాం. గోడ మీద నిన్నటి నవ్వుల గీత అంటిస్తారు, ఏ మాటకి ఎంత ఎత్తున నవ్వారో అందులో ఉంటుంది. గీత దిగితే మా నిర్మాత ఆ రోజు టీ కూడా తాగడు. సాయంత్రం అయిదింటికి విగ్గు పెడతారు. అది తీసేసి ఇంటికి వెళ్తుంటే బస్సులో పిల్లలు "అవునండీ!" అని అరుస్తారు. చెయ్యి ఊపకపోతే పొగరంటారు.

నాటకశాల సంగతి నాకు వదిలెయ్. మంత్రి వచ్చే నెల మొదట్లో మళ్లీ వస్తున్నాడు. అడుగుతాను. రెండు వందలమంది ముందు, ఆ తర్వాత దేశమంతటి ముందు నవ్వులపాలైనవాడు మీ గుమ్మానికి తాళం వెయ్యలేడు. మాట ఇస్తున్నాను.

నీ బుడ్డోడు


ఫిబ్రవరి 19

బుడ్డోడా,

చెవిటిదాని ముందు శంఖం ఊది నవ్వలేదేమని అడిగినట్టుంది నీ వ్యవహారం. అయినా నువ్వు చెప్పింది సరిచూద్దామని మొన్న కాపలాదారుని పక్కన కూర్చోబెట్టుకున్నాను. జనం నవ్వినప్పుడల్లా చెయ్యెత్తమన్నాను. వచ్చింది ఎవరో రవాణా మంత్రి. నీ మాటకి అతను ఏడుసార్లు చెయ్యెత్తాడు. ఆ మంత్రి మాటకి పదకొండుసార్లు ఎత్తాడు. ఆఖరికి భుజం నొప్పి పుట్టి ఎత్తడం మానేశాడు.

"ఈయన మీద నవ్వుతున్నారా, ఈయనతో కలిసి నవ్వుతున్నారా?" అనడిగాను. కాపలాదారు కాస్త ఆలోచించి, "అదేమో అమ్మా, మనిషి మంచివాడేలా ఉన్నాడు. ఇంత సరదా మనిషని తెలీదు" అన్నాడు.

పాము చావకుండా కర్ర విరగకుండా కొడితే, చూసేవాళ్లకి పాము ఆడుతున్నట్టే ఉంటుందిరా.

నీ విద్య నీది, నాకు తెలియదు. నాకు కావలసింది ఒకే ఒక్క ప్రశ్న. శాఖవాళ్ల రిపోర్టులో పైకప్పు కారుతోందని రాశారు. మా దగ్గరికి ఎవరూ రాలేదు. పైకి వెళ్లే తలుపు తాళం నా నడుముకే ఉంటుంది, ఎవరూ అడగలేదు. కాబట్టి ఇలా అడుగు: "పైకప్పు ఎక్కి చూసిందెవరు?" అంతే. ముందూ వెనకా అలంకారాలు వద్దు. మా వాళ్లందరికీ చెప్పేశాను, మావాడు అడుగుతాడని. మా నాటకశాల వడ్రంగి నిన్నటి నుంచి నాకు కుర్చీ వేసి మరీ మాట్లాడుతున్నాడు.

మీ ఆవిడ దగ్గు తగ్గిందా? నాకు చెప్పకుండా దాచావని తనే రాసింది.

అత్తయ్య


మార్చి 6

అత్తయ్యా,

అడిగాను! నువ్వు చూసే ఉంటావు. నిర్మాత ఆ ప్రశ్న మొదట తీసేశాడు, "ఇందులో నవ్వేదీ?" అని. రెండు గంటలు వాదించి, కాస్త వేషం తొడిగి లోపలికి తెచ్చాను. "అవునండీ అవును! ఆ నాటకశాల పైకప్పు కారుతోందటండీ. విషాద నాటకమైతే జనం కన్నీళ్లు, పైకప్పు కన్నీళ్లు కలిసొస్తాయి కదండీ. ఇంత కళాత్మకమైన కారుడుని తమరు స్వయంగా ఎక్కి చూశారాండీ?" అన్నాను. హాలు దద్దరిల్లింది. ఈ ఏడాదిలో గీత అంత ఎత్తు ఎప్పుడూ వెళ్లలేదు.

"నేనెక్కి ఉంటే ఆ పైకప్పు అప్పుడే కూలేదండీ" అని ఆయన తన పొట్ట తట్టుకున్నాడు. దానికీ నవ్వారనుకో. కానీ దెబ్బ తగిలింది, ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఇక మీ జోలికి రాడు, చూడు.

కోడలి దగ్గు తగ్గింది.

నీ బుడ్డోడు


మార్చి 15

మేనల్లుడికి,

చూశాను. నీ నోరు కనపడినంతసేపూ చూశాను. పైకప్పు కారుతోందన్నావు. నీ నోటితో అన్నావు. మిగతా మాటలు నీ రెండు వందలమందికి ఎలా వినపడ్డాయో నాకు తెలియదు, నాకు కనపడింది అదే. నువ్వు అడగలేదురా, చెప్పావు.

నాదే పొరపాటు, నా చెవుడు వల్ల అలా అనిపించిందేమో అనుకున్నాను. మర్నాడు పేపర్లో వేశారు, "ఆ పైకప్పు సంగతి అవునండీకి కూడా తెలిసిపోయింది" అని. శనివారం నాటకానికి జనం గొడుగులు తెచ్చారు. వాన లేదు. హాల్లో కూర్చుని గొడుగులు విప్పి ఫోటోలు తీసుకున్నారు. వేదిక మీద మా పెద్ద నటి చావు సన్నివేశం చేస్తోంది. ఎవరో బకెట్ తెచ్చి ఆమె ముందు పెట్టి వెళ్లారు. ఆమె ఆగలేదు, చచ్చిపోయే దాకా చేసింది. తర్వాత నా గదిలోకి వచ్చి ఆ వేషం విప్పలేక, నేనే గుండీలు విప్పాల్సి వచ్చింది.

నిన్న రెండో కాయితం వచ్చింది. "భవనం దుస్థితి ప్రజలందరికీ తెలిసిన విషయమే" కాబట్టి మే నెలాఖరుకి మూసేస్తారట. ప్రజలకి ఎలా తెలిసిందో అందులో రాయలేదు.

ఇవాళ పేపర్లో ఇంకో వార్త. నీ కార్యక్రమాన్ని మరో మూడేళ్లు పొడిగించారట. అందుకేనా?

వడ్రంగి ఇప్పుడు నాకు కుర్చీ వెయ్యడం లేదు.

ఇట్లు, వేషాల గది మనిషి


మార్చి 24

అత్తయ్యా,

"అందుకేనా" అన్న ఒక్క మాట దగ్గరే మూడు రోజులు ఆగిపోయాను.

ఆ పొడిగింపు నేను అడిగింది కాదు. ఆరేళ్ల కిందట చదవకుండా సంతకం పెట్టిన ఒప్పందంలో, ఛానెల్ తనకిష్టమైతే నన్ను అడగకుండానే పొడిగించుకోవచ్చని ఉందట. నిన్న లాయరు దగ్గర కూర్చున్నాను. వదిలేసి పోవచ్చునట, కానీ పోతే మూడేళ్లు ఏ తెర మీదా, ఏ వేదిక మీదా నా గొంతు వినపడకూడదట. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

నిర్మాతతో చెప్పాను, "నాకు ఊపిరాడటం లేదు, ఆపేస్తాను" అని. అతను విని, "ఇది బాగుంది, రాసి పెట్టు" అన్నాడు.

పోయిన వారం నిజంగానే గుండె పట్టేసినట్టయి ఆసుపత్రికి వెళ్లాను. డాక్టరు "ఇక్కడ నొప్పా?" అంటే అలవాటు కొద్దీ "అవునండీ" అన్నాను. నర్సు ఫక్కున నవ్వింది. పరీక్ష చేసేవాడు నా ఒంటికి తీగలు అంటించి ఉండగానే పక్కన నిలబడి ఫోటో దిగాడు. గుండెకి ఏం లేదట. ఇంటికొచ్చి చెబితే నీ కోడలు నా కళ్లలోకి కాసేపు చూసి, "ఇప్పుడు మాట్లాడేది నువ్వేనా, అతనా?" అంది. వేళాకోళం చెయ్యలేదు అత్తయ్యా, నిజంగానే అడిగింది.

ఏప్రిల్ మధ్యలో మంత్రి మళ్లీ వస్తున్నాడు. ఈసారి నీ ప్రశ్న నువ్వు రాసినట్టే అడుగుతాను, నా గొంతుతో. ఒక్కసారి చూడు. నమ్మమని అడగను, చూడమని అడుగుతున్నాను.

నేనే


మార్చి 25

మేనల్లుడికి,

నీ నుంచి ఉత్తరం లేదు కాబట్టి జవాబు దొరికినట్టే అనుకున్నాను.

టీవీ కాపలాదారుకి తిరిగి ఇచ్చేశాను. రేపటి నుంచి వేషాల లెక్క రాయాలి, గోదాముకి పంపుతారట. రాజుల అంగీలు ఒక మూట, సైనికులవి ఒక మూట, దెయ్యాలవి ఒక మూట. ఇక ఉత్తరాలు రాయకు, చదివే తీరిక ఉండదు.

అత్తయ్య


ఏప్రిల్ 20

అత్తయ్యా,

రాయొద్దన్నావు. మన ఉత్తరాలు దారిలో ఒకదాన్నొకటి దాటిపోయినట్టున్నాయి, నాది ఆ తర్వాత అంది ఉంటుంది. టీవీ లేదు కాబట్టి నువ్వు చూసి ఉండవు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

పది నిమిషాలు మామూలుగానే చేశాను. తర్వాత కళ్లజోడు తీశాను, విగ్గు తీశాను, బల్ల మీద పెట్టాను. "మంత్రిగారూ, పైకప్పు ఎక్కి చూసిందెవరు?" అన్నాను.

హాలు నిశ్శబ్దమైపోయింది. ఎంతసేపో తెలియదు, నాలుగైదు క్షణాలు. ఆ నిశ్శబ్దంలో నాకు ప్రాణం లేచొచ్చింది, ఇన్నాళ్లకి నా మాట నేలకి తగిలిందనిపించింది. ఆ తర్వాత ఎక్కడో వెనక వరసలో ఒకడు నవ్వాడు. అంతే, అందరూ నవ్వారు. నా పని అయిపోయిందని తెలిసినా మళ్లీ అడిగాను. ఇంకా నవ్వారు. మూడోసారి అడిగేటప్పుడు నాకు ఏడుపొచ్చింది అత్తయ్యా. లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఇంత బాగా నటించడం ఎప్పుడూ చూడలేదట.

మంత్రి కూడా లేచి నన్ను కావలించుకున్నాడు. చెవిలో ఏదో అన్నాడు, ఆ హోరులో వినపడలేదు. నిర్మాత ఇవాళ గదిలో అందరికీ మిఠాయి పంచాడు.

నిజం అడిగినా నవ్వే, అబద్ధం ఆడినా నవ్వే. నేను నోరు తెరిస్తే ఇంక వాళ్లకి నవ్వు తప్ప ఏదీ వినపడదు. క్షమించమని అడగడానికి కూడా నా దగ్గర వేరే గొంతు లేదు.

మేనల్లుడు


ఏప్రిల్ 29

నా బుడ్డోడా,

చూశాను. నీ మార్చి ఉత్తరం అందాక ఇక మనసు ఆగలేదు. టీవీ ఇప్పుడు టికెట్ల గదిలో ఉంది. కాపలాదారుని పిలిచి, చేతులు కట్టుకుని కూర్చో, ఎవరు నవ్వినా చెయ్యెత్తకు అన్నాను.

అక్కడ రెండు వందలమందీ ఏం విన్నారో నాకు అక్కర్లేదు. నువ్వు మూడుసార్లు అడగడం చూశాను. విగ్గు లేకుండా నీ తల చూసి ఎన్నాళ్లయిందిరా, జుట్టు పలచబడింది. మూడోసారి నీ కింది పెదవి వణికింది, చిన్నప్పుడు జ్వరంలో వణికినట్టు. అంత స్పష్టంగా ఎవరూ ఎప్పుడూ ఏదీ అడిగి ఉండరు.

ఇంకో సంగతి. మంత్రి నిన్ను కావలించుకున్నప్పుడు నీ వీపు మాకు, ఆయన మొహం మాకు. కెమెరా దగ్గరికొచ్చింది. ఆయన నీ చెవిలో అన్నది నీకు వినపడలేదన్నావు, నాకు కనపడింది. "ఎవరూ ఎక్కలేదు నాయనా. ఎక్కాల్సిన పనేముంది?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు.

ఆ మాట చూశాక నాకు కూర్చోబుద్ధి కాలేదు. వాన మబ్బు పట్టి ఉంది. వడ్రంగినీ, నా దగ్గర కుట్టే చిన్న టైలరమ్మనీ, కాపలాదారునీ వెంటబెట్టుకుని, నడుము తాళం తీసి పైకి ఎక్కాను. అరవై మూడేళ్ల మోకాళ్లు, నలభై ఆరు మెట్లు, ఆ పైన నిచ్చెన. పైకప్పుకీ లోకప్పుకీ మధ్య మనిషి వంగి నడిచేంత చోటుంది. అక్కడ ఈ మూల నుంచి ఆ మూలకి తెల్లబట్ట పరిచాం, దెయ్యాల అంగీలకని తెచ్చిన తాను మొత్తం. రెండు రోజులు కుండపోతగా కురిసింది. మూడో రోజు వెళ్లి చూశాం. బట్ట మీద పావురం అడుగులున్నాయి, దుమ్ము ఉంది. నీటి చుక్క మచ్చ ఒక్కటి లేదు. వడ్రంగి మోకాళ్ల మీద పాకుతూ చివరి దాకా వెళ్లి, ప్రతి దూలాన్నీ సుత్తితో కొట్టి చెయ్యి పెట్టి చూసి, వెనక్కొచ్చి నా ఎదురుగా నిలబడి, నాకు అర్థమయ్యేలా మెల్లగా, "మనకన్నా గట్టిగా ఉందమ్మా" అన్నాడు.

ఎక్కి చూసినవాళ్లం నలుగురం, ఏ రోజు ఎక్కామో, ఏం చూశామో రాసి సంతకాలు పెట్టాం. శాఖకి ఒకటి పంపాను. నీకొకటి, ఆ బట్టలోంచి ఒక ముక్క కత్తిరించి ఇందులో పెడుతున్నాను.

"అందుకేనా" అన్నందుకు నన్ను నాలుగు తిట్టు. తిట్టి ఊరుకో.

నీ అత్తయ్య


మే 14

బుడ్డోడా,

శాఖ నుంచి జవాబు వచ్చింది. అనుమతి లేకుండా ప్రమాదకరమైన పైకప్పు ఎక్కినందుకు సంజాయిషీ చెప్పాలట. ఇద్దరు మనుషులొచ్చి నా నడుము తాళం తీసుకుపోయారు. పైకి మాత్రం వెళ్లలేదు. మెట్ల దగ్గర దాకా వచ్చి పైకి చూసి వెళ్లిపోయారు.

నెలాఖరు ఖాయం. చిన్న టైలరమ్మ వాళ్లింట్లో వీధివైపు గది ఇస్తోంది. మిషన్ పడుతుంది, మంచం కూడా కొలిచి చూశాం, తలుపు పూర్తిగా తెరుచుకోదంతే. నా గురించి బెంగపడకు. మా వాళ్లు ఇప్పుడు నాతో బాగానే మాట్లాడుతున్నారు. వడ్రంగి నా సామాను తనే మోస్తానన్నాడు.

నువ్వు తింటున్నావా?

అత్తయ్య


మే 23

అత్తయ్యా,

తింటున్నాను. నిన్న చాలాకాలానికి కడుపునిండా తిన్నాను.

నీ బట్ట ముక్కా, నలుగురి సంతకాల కాయితమూ పట్టుకుని రికార్డింగుకి వెళ్లాను. అతిథిగా ఒక గాయకుడు. నేను అతన్ని క్షమించమని చెప్పి, కాయితం తీసి చదవడం మొదలుపెట్టాను, ఎక్కిన తేదీ, మెట్ల లెక్క, వడ్రంగి సుత్తి, అన్నీ. మొదటి వాక్యానికి నవ్వారు. తెల్లబట్ట దగ్గరికి వచ్చేసరికి నవ్వు సన్నబడింది. బట్ట ముక్క ఎత్తి చూపించాను. ముందు వరసలో ఒక పెద్దావిడ మెడ సాచి నిజంగానే దానివైపు చూసింది, మచ్చ ఉందేమోనని వెతుకుతూ. అప్పుడే లైట్లు ఆర్పేశారు. ప్రేక్షకుల్ని బయటికి పంపేశారు. అది ఎక్కడా రాదు.

నిర్మాత గదిలో రెండు కాయితాలు పెట్టారు, సారీ చెప్పేది ఒకటి, వెళ్లిపోయేది ఒకటి. రెండోదాని మీద సంతకం పెట్టాను, ఈసారి మొత్తం చదివే పెట్టాను. మూడేళ్లు తెర మీదా వేదిక మీదా నా గొంతు ఉండదు. విగ్గూ కళ్లజోడూ వాళ్లవి. వాటిని ఇంకొకడికి పెట్టి ఈ వారమే కార్యక్రమం నడిపించారు. చూసినవాళ్లకి పెద్దగా తేడా తెలియలేదట. వచ్చే నెల మన మంత్రే మళ్లీ వస్తాడట.

ఆరేళ్లు నన్ను మింగినవాడు నేను లేకుండానే హాయిగా బతుకుతున్నాడు. బాధగా ఉందో తేలిగ్గా ఉందో ఇంకా తెలియడం లేదు. నీ కోడలు నిన్న ఏదో అడిగింది, నోటికి "అవునండీ" రాలేదు, "వద్దు" అన్నాను. తను ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, ఇంకేమీ అడగకుండా వెళ్లి రెండు కప్పుల టీ పెట్టుకొచ్చింది.

నాటకశాలని కాపాడలేకపోయాను. ఆ మాట ఎన్నిసార్లు తిప్పి రాసినా మరోలా రాదు.

ఆదివారం పొద్దున్నే బస్సుకి ఇద్దరం వస్తున్నాం. మంచానికి రెండోవైపు నేను పడతాను, వడ్రంగికి చెప్పు. నీకు చెప్పాల్సినవి చాలా ఉన్నాయి, కాయితం మీద పెట్టలేనివి. నా గొంతు మీద సంతకం పెట్టి వచ్చాను నిజమే. కానీ నీతో మాట్లాడటానికి నాకు గొంతు ఎప్పుడు కావలసొచ్చింది?

నీ బుడ్డోడు